చేతితో చుట్టిన యునాన్ బ్లాక్ టీ ఉండలు: మొదటి కప్పు పలచన, మూడో కప్పు వగరు ఎందుకు వస్తుంది?

మీరు అడిగింది ఇది: చైనాలోని యునాన్ రాష్ట్రం నుంచి వచ్చిన, చేతితో చుట్టిన బ్లాక్ టీ ఉండలు కొన్నారు. ప్యాకెట్ మీద ‘5 గ్రాములు, మరిగే నీళ్ళు, 10 సెకన్లు, తర్వాత ప్రతిసారీ 5 సెకన్లు పెంచండి’ అని ఉంది. అలాగే చేస్తే మొదటి కప్పు రంగు వేసిన వేడినీళ్ళలా ఉంది, రెండోది ఫర్వాలేదు, మూడు నాలుగు కప్పులకి నాలుక పట్టేసింది. టీ మంచిది కాదా, లేక పెట్టడంలో పొరపాటా? అసలు మంచి టీ అని ఎలా తెలుస్తుంది?

టీలో లోపం ఉండే అవకాశం తక్కువ. ఆ 10 సెకన్ల లెక్క విడి ఆకుకి రాసింది, ఉండలకి పనికిరాదు. విడి ఆకు నీళ్ళు తగిలిన క్షణం నుంచే అన్ని వైపులా సారం వదులుతుంది. అందుకే దానికి మొదట తక్కువ సమయం ఇచ్చి, ఆకు నీరసించే కొద్దీ పెంచుకుంటూ పోతారు. ఉండలో అయితే మొదట పైపొర ఒక్కటే తడుస్తుంది, లోపలి ఆకు పొడిగానే ఉండిపోతుంది. మూడోసారికి ఉండ విచ్చుకుని, అప్పటిదాకా నీళ్ళు తగలని ఆకంతా ఒక్కసారిగా బయటపడుతుంది. సరిగ్గా అప్పుడే ప్యాకెట్ మాట విని మీరు ఇంకో 5 సెకన్లు పెంచుతున్నారు. వగరు అక్కడే పుడుతోంది. ఉండలకి సమయం మొదట ఎక్కువ, మధ్యలో తక్కువ, చివర్లో మళ్ళీ ఎక్కువ ఇవ్వాలి. ఈ ఒక్క మార్పు చేసినా మీ సమస్య చాలావరకు తీరిపోతుంది. మిగతా వివరాలు కూడా వరసగా చెప్తాను, ఎందుకంటే నీళ్ళు, గిన్నె, తూకం సరిగ్గా లేకపోతే సమయం ఎంత బాగా చూసుకున్నా ఫలితం నిలకడగా రాదు.

ముందు చేతిలో ఉన్నది ఏమిటో చూసుకోండి

చైనావాళ్ళు మనం బ్లాక్ టీ అనేదాన్ని హోంగ్ చా అంటారు. యునాన్‌లో చేసినదైతే దియెన్ హోంగ్. ఉండల్లో రెండు రకాలు దొరుకుతాయి. బఠాణీ గింజంత నుంచి శనగ గింజంత వరకు ఉండే చిన్న ముత్యాలు ఒక రకం. ఒక్కోటి 5 నుంచి 8 గ్రాములు తూగే పెద్ద ఉండలు రెండో రకం, వీటిని లోంగ్ జు, అంటే డ్రాగన్ ముత్యాలు అంటారు. జాగ్రత్త పడాల్సింది రెండో రకంతో. ఇదే ఆకారంలో, ఇదే కాగితం చుట్టి పూఅర్ టీ కూడా అమ్ముతారు. చుట్టిన తర్వాత పైకి చూసి తేల్చడం కష్టం. పూఅర్ వేరే టీ, పెట్టే లెక్కలు కూడా వేరు. ప్యాకెట్ మీద దియెన్ హోంగ్ అనో, యునాన్ బ్లాక్ టీ అనో స్పష్టంగా ఉందో లేదో చూసుకోండి.

అలాగే చుట్టుకుపోయి కనిపించే ప్రతి టీ ఉండ కాదు. జిన్ లువో అనే బంగారు నత్తలు వదులుగా మెలిదిరిగిన మొగ్గలు, అవి నీళ్ళలో వెంటనే విచ్చుకుంటాయి. వాటికి విడి ఆకు లెక్కే సరిపోతుంది. ఆన్‌హుయ్‌లోని చిమెన్ నుంచి వచ్చే కీమున్, ఫూజియాన్‌లో వూయి కొండల్లోని తోంగ్‌ము నుంచి 2005లో మొదలైన జిన్ జున్ మెయ్ ఇంకా సన్నటి తీగల్లా ఉంటాయి. అవి చిన్నాకు మొక్కల టీలు. యునాన్‌ది పెద్దాకు రకం, అస్సాం తోటల్లో ఉండే మొక్కకి దగ్గరి చుట్టం. 1937లో జపాన్‌తో యుద్ధం మొదలయ్యాక తూర్పు చైనా టీ ప్రాంతాల నుంచి ఎగుమతులు దెబ్బతిన్నాయి. అప్పుడు ఫెంగ్ షావోచియు అనే టీ నిపుణుడు యునాన్‌లో ఈనాటి ఫెంగ్‌చింగ్ ప్రాంతానికి వెళ్ళి 1938–39లో ఈ పెద్దాకుతో బ్లాక్ టీ చేయించాడు. దియెన్ హోంగ్ పుట్టింది అలా. పెద్దాకులో పాలీఫినాల్స్, అంటే టీకి రంగునీ వగరునీ ఇచ్చే పదార్థాలు, ఎక్కువ. రంగు, చిక్కదనం, తీపి దండిగా వస్తాయి, సమయం తప్పితే వగరు కూడా అంతే దండిగా వస్తుంది. కీమున్ క్షమించే పొరపాటుని దియెన్ హోంగ్ క్షమించదు.

ఉండ ఎలా తయారవుతుందో తెలిస్తే దాని లోపాలు కూడా అర్థమవుతాయి. కోసిన ఆకుని వాడబెడతారు, నలిపి కణాలు చిట్లేలా చేస్తారు, వెచ్చగా తేమగా ఉండేచోట కొన్ని గంటలు పరిచి ఉంచుతారు. ఆ గంటల్లో ఆకులోని కెటెకిన్స్ అనే పాలీఫినాల్స్ గాలితో కలిసి థియాఫ్లేవిన్స్, థియారుబిజిన్స్‌గా మారతాయి. మొదటివి టీకి మెరుపునీ చురుకునీ, రెండోవి ఎరుపునీ నిండుదనాన్నీ ఇస్తాయి. ఆ తర్వాత ఆకు ఇంకా మెత్తగా వంగే దశలో ఉండగానే కొద్దికొద్దిగా తీసుకుని అరచేతుల్లో చుడతారు. పెద్ద ఉండలైతే గుడ్డలో వేసి మెలితిప్పుతారు. ఆకారం నిలబడ్డాక తక్కువ వేడి మీద నిదానంగా ఆరబెడతారు. కష్టమంతా ఈ చివరి పనిలోనే ఉంది. వేడి ఎక్కువైతే పైపొర గట్టిపడి లోపలి తేమని బయటికి రానివ్వదు. అలాంటి ఉండ కొన్నప్పుడు బాగానే కనిపిస్తుంది, కొన్ని నెలలకి మధ్యలో పులిసిపోతుంది లేదా బూజు పడుతుంది. పెద్ద ఉండల్లో ఈ ప్రమాదం ఎక్కువ. రెండూ ఒకే ధరకి దొరికితే చిన్న ముత్యాలు తీసుకోమనే నా సలహా.

కొన్ని ఉండలు ఓవెన్‌లో కాకుండా ఎండలో ఆరబెట్టిన ఆకుతో చేస్తారు. షాయ్ హోంగ్ అంటారు వాటిని. కొత్తగా ఉన్నప్పుడు కాస్త పులుపు, పచ్చి వాసన ఉంటాయి, ఒకటి రెండేళ్ళు నిలవుంటే మెత్తబడి ఎండు ఖర్జూరం లాంటి తీపి వైపు తిరుగుతాయి. మీ ప్యాకెట్ మీద ఆ పేరుంటే మొదటి కప్పులో వచ్చే చిరుపులుపుని లోపంగా లెక్కపెట్టకండి.

నీళ్ళు

ప్యాకెట్ మీద ‘మరిగే నీళ్ళు’ అని రాసినవాళ్ళు ఎక్కడున్నారో ఆలోచించండి. యునాన్ రాజధాని కున్‌మింగ్ సముద్రమట్టానికి దాదాపు 1,900 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ నీళ్ళు 94 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. విజయవాడలో, విశాఖలో 100కి, హైదరాబాద్‌లో 98కి మరుగుతాయి. అంటే యునాన్‌వాళ్ళ ‘మరిగే నీళ్ళు’ మన మరిగే నీళ్ళకన్నా నాలుగైదు డిగ్రీలు చల్లన. బంగారు మొగ్గలు ఎక్కువగా ఉన్న టీకి ఈ తేడా బాగా తెలుస్తుంది. అమెరికాలో ఎత్తు మీదున్న డెన్వర్‌లో ఉంటున్నవాళ్ళు మాత్రం మరుగుతున్న నీళ్ళు అలాగే పోసేయవచ్చు, అక్కడా 95 దాటదు.

థర్మామీటర్ ఉంటే సరే. లేకపోతే నీళ్ళు మరిగాక కెటిల్ మూత తీసి నిమిషం, నిమిషన్నర ఆగండి, 95 దగ్గరికి వస్తాయి. నీళ్ళు తక్కువగా ఉంటే ఇంకా త్వరగా చల్లారతాయి. ఇంకో సంగతి, చల్లగా ఉన్న పింగాణీ కప్పులో పోస్తే ఆ నీళ్ళ వేడి ఒక్కసారిగా ఇంకో ఐదారు డిగ్రీలు పడిపోతుంది. చలికాలం పొద్దున మొదటి కప్పు పలచగా రావడానికి సగం కారణం ఇదే. ఆకు వేయకముందే గిన్నెలో మరిగే నీళ్ళు పోసి అర నిమిషం ఉంచి పారబోయండి.

నీళ్ళ నాణ్యత గురించి తెలుగు ఊళ్ళలో ఉండేవాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాలి. బోరు నీళ్ళతో ఈ టీ పెట్టకండి. కాల్షియం, బైకార్బొనేట్ ఎక్కువున్న నీళ్ళలో టీ ముదురు గోధుమ రంగుకి తిరుగుతుంది, వాసన అణిగిపోతుంది, ఐదు నిమిషాల్లో పైన సన్నటి తెట్టు కడుతుంది. ఆ తెట్టుని ఆకులోని నూనె అనుకుని మురిసిపోయేవాళ్ళున్నారు, అది నీళ్ళ లోపం. తెట్టు కట్టిన టీలో ఒక నిమ్మచుక్క వేసి చూడండి, తెట్టు విరిగి రంగు తేలికవుతుంది. అలా జరిగితే నీళ్ళు మార్చాలని అర్థం. మరోవైపు ఇంట్లో ఆర్‌వో మెషిన్ నీళ్ళ టీడీఎస్, అంటే కరిగిన లవణాల కొలత, 20, 30కి పడిపోతే టీ సన్నగా, ముల్లులా గుచ్చుకుంటూ వస్తుంది, ఒళ్ళు ఉండదు. 50 నుంచి 120 మధ్య ఉంటే బాగుంటుంది. మూడు గ్లాసుల ఆర్‌వో నీళ్ళకి ఒక గ్లాసు మున్సిపల్ కుళాయి నీళ్ళు కలిపి మరిగిస్తే చాలా ఇళ్ళలో ఈ మధ్యకి వచ్చేస్తుంది. క్లోరిన్ వాసన ఉంటే ఆ కుళాయి నీళ్ళు ముందు రోజు రాత్రి పట్టి, మీద పల్చటి గుడ్డ కప్పి ఉంచండి. టీడీఎస్ మీటర్ పెద్ద ఖరీదేమీ కాదు, ఒకటి కొనుక్కుంటే ఊహలు తగ్గుతాయి.

పెట్టే విధానం

100 నుంచి 110 మిల్లీలీటర్ల తెల్ల పింగాణీ గైవాన్ తీసుకోండి. సాసరు, మూత ఉన్న కప్పు ఇది. పింగాణీ వాసన పట్టదు, అందుకే టీని తెలుసుకోవడానికి ఇదే మేలు. మట్టి టీపాట్ వగరుని కాస్త అణుస్తుంది కానీ పై వాసనల్ని కూడా మింగేస్తుంది. పల్చటి గాజు చూడటానికి అందంగా ఉంటుంది, ఉండ విచ్చుకోవడం కనబడుతుంది, కానీ వేడి త్వరగా వదిలేస్తుంది కాబట్టి లోపలి ఆకు ఆలస్యంగా తెరుచుకుంటుంది. గైవాన్ పట్టుకుంటే వేళ్ళు కాలుతున్నాయంటే నీళ్ళు అంచుదాకా నింపుతున్నారన్నమాట. బయటికి వంగిన పెదవికి అర సెంటీమీటరు కింద ఆపండి.

ఆకు చెంచాతో కొలవకండి, డిజిటల్ త్రాసు మీద తూచండి. అదే చెంచాలో విడి ఆకు కంటే ఉండలు రెండు మూడింతలు ఎక్కువ తూగుతాయి. మీ దగ్గరున్న సైజుకి కూడా 5 గ్రాములంటే ఎన్నో ఒకసారి తూచి చూసుకుంటే, తర్వాత లెక్కపెట్టి వేసుకోవచ్చు. 100 మిల్లీలీటర్లకి 4.5 నుంచి 5 గ్రాములు చాలు. కప్పు అడుగున నాలుగు గింజలు దొర్లుతున్నట్టు కనిపిస్తాయి, ఇంత తక్కువా అనిపిస్తుంది. ఇంకో నాలుగు వేయాలన్న కోరిక ఆపుకోండి. విచ్చుకున్నాక ఆకు గైవాన్‌లో సగానికి పైగా వస్తుంది.

వేడి చేసిన గైవాన్‌లో ఉండలు వేసి, పూర్తిగా మరిగిన నీళ్ళు కాస్త ఎత్తు నుంచి, ఉండలు దొర్లేలా పోయండి. నింపగానే వంచేయండి. మట్టి పోవడానికో, కెఫీన్ తగ్గడానికో కాదు ఇది. ఇంత తక్కువ సమయంలో కెఫీన్ చాలా కొద్దిగానే దిగుతుంది. పైపొర మెత్తబడటానికి చేసే పని ఇది. ఇప్పుడు మూత పెట్టి, నీళ్ళు లేకుండా, ఒక నిమిషం వదిలేయండి. చాలామంది ఎగరగొట్టేది ఈ నిమిషాన్నే. లోపలున్న ఆవిరి పొరల మధ్యకి వెళ్ళి ముడిని వదులు చేస్తుంది, సారం మాత్రం పోదు. నిమిషం అయ్యాక మూత తీస్తే ఉండల మీద మొగ్గల కొసలు లేచి కనిపించాలి. లేవకపోతే ఇంకో అర నిమిషం.

ఆ తర్వాత 95 డిగ్రీల నీళ్ళతో మొదటిసారి 25 సెకన్లు, రెండోసారి 20. రెండోసారి వంచాక మూత తీసి చూడండి. ఉండలు సగానికి పైగా విచ్చుకుని, ఆకులు పక్కలకి వాలి ఉంటే మూడోసారి 10 సెకన్లకి దించేయండి, నీళ్ళ వేడిని కూడా 90కి తగ్గించండి. ఇంకా ముడిగానే ఉంటే మూడోది కూడా 20 సెకన్లే ఉంచి, తగ్గింపుని నాలుగోసారికి జరపండి. గడియారం కన్నా మూత కింద కనిపించేదాన్ని నమ్మండి. ఎంత తక్కువ సమయం ఇవ్వాలో ఆకు ఎంత తెరుచుకుందో చెప్తుంది. నాలుగోది కూడా 10, ఐదోది 15. ఆరోసారి నుంచి ఆకు నీరసిస్తుంది, మళ్ళీ 95కి పెంచి 25 సెకన్లు, ఏడుకి 40, ఎనిమిదికి నిమిషన్నర. మంచి టీ అయితే ఎనిమిదోది కూడా తీపి నీళ్ళలా హాయిగా ఉంటుంది. ఆరుకే చప్పబడితే ఆకు ముదురుదో, ముక్కలదో అనుకోవచ్చు.

సమయం అంటే నీళ్ళు పోయడం మొదలుపెట్టినప్పటి నుంచి వంచడం పూర్తయ్యే వరకు. గైవాన్ ఖాళీ కావడానికే ఆరేడు సెకన్లు పడుతుంది, 10 సెకన్ల లెక్కలో అది చిన్న సంగతి కాదు. చివరి చుక్క వరకు వంచండి. అడుగున రెండు చెంచాల నీళ్ళు మిగిలినా అందులో ఆకు నానుతూనే ఉంటుంది, తర్వాతి కప్పుకి చేదుగా చేరుతుంది. వంచేది నేరుగా కప్పుల్లోకి కాకుండా ఒక చిన్న గాజు జగ్గులోకి వంచితే పైది పలచగా, అడుగుది చిక్కగా అనే తేడా రాదు. ఉండలు విచ్చుకున్నాక నీళ్ళు ఆకు మీద పడకుండా గైవాన్ గోడ వెంబడి నిదానంగా పోయండి. విప్పారిన ఆకుని ధారతో కొడితే రసం మొరటుగా దిగుతుంది.

విచ్చుకోవడం లేదని చెంచాతో నొక్కడం, గోటితో విడదీయడం అస్సలు వద్దు. చిరిగిన ఆకు అంచుల నుంచి వగరు మొదటి కప్పులోనే దూకుతుంది. అంత శ్రమపడి ఆకు విరగకుండా చుట్టిన దాన్ని మనం విరగ్గొట్టుకున్నట్టవుతుంది.

గైవాన్ లేనివాళ్ళు 250 మిల్లీలీటర్ల మగ్గులో పెద్ద జల్లెడ బుట్ట పెట్టి 3 గ్రాములు వేయండి. మునిగేంత నీళ్ళు మాత్రమే పోసి మూత పెట్టి ఒక నిమిషం, తర్వాత మగ్గు నింపి ఇంకో రెండున్నర నిమిషాలు. బుట్ట తీసేయండి. అదే ఆకుతో రెండోసారి రెండు నిమిషాలు చాలు, మూడోసారి నాలుగు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే గొలుసు జల్లెడలు ఉంటాయి, వాటిలో మాత్రం ఉండలు వేయకండి. విచ్చుకోవడానికి చోటు లేక లోపల ముద్దగా బిగుసుకుపోతాయి, ఎంతసేపు ఉంచినా మధ్య ఆకు పొడిగానే ఉంటుంది.

పెద్ద ఉండ ఒకటి 6, 7 గ్రాములుంటే 140 మిల్లీలీటర్ల గిన్నె కావాలి. మరిగే నీళ్ళతో 10 సెకన్లు తడిపి వంచి, రెండు నిమిషాలు మూత కింద ఉంచి, మొదటిసారి 40 సెకన్లు. దీనికి వగరు ముంచుకొచ్చేది నాలుగో ఐదో సారి. అక్కడ తగ్గించండి.

మనింట్లో టీ పొడి వేసి పాలతో మరిగించే పద్ధతి ఈ ఆకుకి వాడొద్దు. మన టీ పొడి చాలావరకు సీటీసీ. యంత్రం పళ్ళ మధ్య నలిగి గుళికలైన ఆకు అది, పాలు, పంచదార, అల్లం అన్నిటినీ తట్టుకునేలా తయారైంది, దాని పనిలో అది చాలా మంచిది. ఈ ఉండల్ని మరిగిస్తే డికాక్షన్ చేదెక్కుతుంది, పాలలోని కేసీన్ అనే ప్రోటీన్ వగరుతో పాటు ఈ టీకి ప్రాణమైన తేనె వాసనని కూడా కప్పేస్తుంది. పంచదార వేసుకుంటే తప్పేమీ లేదు, కానీ మొదటి రెండు కప్పులు వేయకుండా తాగి చూశాక వేసుకోండి.

రుచి చూడటం

ఇక మంచి టీ అని ఎలా తెలుస్తుందన్న ప్రశ్న. వాసనతో మొదలుపెట్టండి. వేడి చేసిన ఖాళీ గైవాన్‌లో పొడి ఉండలు వేసి మూత పెట్టి నాలుగుసార్లు కుదిపి, పది సెకన్లాగి, మూత కొద్దిగా తెరిచి ముక్కు పెట్టండి. మంచి దియెన్ హోంగ్‌లో నిప్పుల మీద కాల్చిన చిలగడదుంప వాసన స్పష్టంగా వస్తుంది, తెలంగాణలో కందగడ్డ అనేది ఇదే. దాని వెనక కోకో, బెల్లప్పాకం, కొన్నిటిలో మిరియం ఘాటు. తడి గోనెసంచి వాసన వస్తే నిలవలో చెడింది. సెంటు పూసినట్టు ముక్కుకి కొట్టే పూల వాసన వచ్చి, రెండో కప్పుకల్లా మాయమైతే కలిపిన వాసన అని అనుమానించండి. ఆకులోంచి వచ్చే వాసన నాలుగైదు కప్పుల వరకు రూపం మార్చుకుంటూ నిలుస్తుంది. పొగ వాసన తోంగ్‌ము ప్రాంతపు పైన్ కట్టెల పొగ పట్టించిన టీలో సహజం, యునాన్ ఉండల్లో వస్తే ఆరబెట్టడంలో మాడిందని అర్థం.

టీ వంచాక గైవాన్ మూత లోపలి వైపు ఒకసారి వేడిగా ఉన్నప్పుడు, ఒకసారి గోరువెచ్చగా అయ్యాక వాసన చూడండి. వేడి మూత మీద లోపాలు దాగవు, పులుపు, మాడు, పచ్చి వాసన ఏదున్నా బయటపడతాయి. చల్లారే మూత మీద తేనె, పండు వాసనలు తేలతాయి. ఖాళీ అయిన గాజు జగ్గు అడుగు పూర్తిగా చల్లారాక కూడా చూడండి. అప్పటికీ తీపి వాసన అంటిపెట్టుకుని ఉంటే మంచి ఆకు.

రంగు తెల్ల కప్పులోనే చూడాలి. యునాన్ టీ నారింజ కలిసిన ఎరుపు, అంచున బంగారు వలయం. ఆ వలయం థియాఫ్లేవిన్స్ వల్ల వస్తుంది, తయారీ సరిగ్గా జరిగిందనడానికి గుర్తు. టీలో సన్నటి నూగు తేలుతుంటే దుమ్మనుకోకండి, మొగ్గల మీది రోమాలవి. మొగ్గలకి బంగారు రంగు వచ్చేది కూడా వాటి వల్లే. రసం పట్టి ఆక్సీకరణ చెందిన రోమాలు పసుపుగా కనిపిస్తాయి. మబ్బుపట్టిన గోధుమ రంగు వస్తే ముందు నీళ్ళని అనుమానించండి, నీళ్ళు సరైనవే అయితే ఆకు అతిగా పులిసింది.

తాగేటప్పుడు 55, 60 డిగ్రీలకి దిగనివ్వండి. అంతకన్నా వేడిగా ఉంటే నాలుకకి ఏదీ తెలియదు. పైగా 65 డిగ్రీలు దాటిన పానీయాలు క్యాన్సర్ కారకం అయ్యే అవకాశం ఉందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో వర్గీకరించింది కూడా. ఒక చెంచాడు టీని గాలితో పాటు జుర్రున పీల్చండి, చప్పుడైతే అవనివ్వండి. గాలి కలిస్తేనే వాసన గొంతు వెనక నుంచి ముక్కుకి ఎక్కుతుంది. మూడు నాలుగు సెకన్లు నోటిలో తిప్పి మింగి, ముక్కుతో గాలి వదిలి, కప్పు కింద పెట్టి, అర నిమిషం ఏమీ తాగకుండా గమనించండి. తీర్పంతా ఆ అర నిమిషంలోనే ఉంది.

చేదునీ వగరునీ విడదీసి చూడటం ఇక్కడ చాలా ముఖ్యం. చేదు నాలుక వెనక తగిలి, పది పదిహేను సెకన్లలో కరిగి, దాని చోట గొంతులో తీపి ఊరితే అది గుణమే. ఉసిరికాయ తిన్నాక నీళ్ళు తాగితే వచ్చే తీపి గుర్తు తెచ్చుకోండి. వగరు వేరు. అది చిగుళ్ళనీ, నాలుక పక్కల్నీ బిగించి ఎండబెడుతుంది. కొద్దిగా ఉండి లాలాజలం ఊరితే సరే, అర నిమిషం తర్వాత కూడా నోరు పొడిగా ఉంటే తేడా ఉన్నట్టు. అప్పుడు అదే ఆకుని 90 డిగ్రీల నీళ్ళతో, సగం సమయంతో మళ్ళీ పెట్టండి. వగరు తగ్గితే తప్పు పెట్టడంలో ఉంది. తగ్గకుండా రుచి మాత్రమే పలచబడితే తప్పు ఆకులో ఉంది. పులుపుని కూడా ఇలాగే చూడండి. పండులాంటి సన్నటి పులుపు తీపితో కలిసి వస్తే అందం, దవడల్ని లాగేసే పుల్లమజ్జిగ పులుపు అయితే ఉండ లోపల తేమ ఉండిపోయింది.

ఒక కప్పు పక్కన పెట్టి అరగంట మర్చిపోండి. చల్లారిన టీ అబద్ధమాడదు. తీపి నిలిచి, పాలచుక్క వేసినట్టు టీ మసకబారితే సంతోషించండి. కెఫీన్, పాలీఫినాల్స్ కలిసి చల్లదనానికి గడ్డకట్టడం వల్ల వచ్చే మసక అది, టీలో సారం దండిగా ఉందని చెప్తుంది. వేడి చేస్తే మళ్ళీ తేటపడుతుంది.

రెండు టీలు పోల్చి కొనాలనుకుంటే చైనా టీ పరీక్షకుల ప్రమాణం వాడండి. 3 గ్రాములు, 150 మిల్లీలీటర్ల మరిగే నీళ్ళు, 5 నిమిషాలు. తాగడానికి అది కటువుగా ఉంటుంది, లోపం దాక్కోకూడదనే అంత కటువుగా పెట్టారు. రెండిటికీ ఒకే లెక్క ఉండాలన్నదే నియమం.

అన్నీ అయ్యాక ఆకుని పారేయకండి. తెల్ల పళ్ళెంలో బోర్లించి, చల్లటి నీళ్ళు పోసి, వేలితో ఒక్కో ఉండని పరిచి చూడండి. నిజంగా చేతితో జాగ్రత్తగా చుట్టిన ఉండలో మొగ్గ, దాని పక్కన ఒకటో రెండో ఆకులు, సన్నటి కాడతో సహా, విరగకుండా బయటపడతాయి. రంగు రాగి ఎరుపు, అన్నీ ఒకేలా. రెండు వేళ్ళ మధ్య నొక్కితే మెత్తగా ఉండాలి. పైన నాలుగు బంగారు మొగ్గలు చుట్టి లోపల ముక్కలు, తునకలు కూరిన ఉండలు మార్కెట్లో ఉన్నాయి. పొడిగా ఉన్నప్పుడు వాటిని పట్టుకోలేం, పళ్ళెంలో మాత్రం తప్పించుకోలేవు. మీ మూడో కప్పు సమయం తగ్గించాక కూడా వగరుగానే ఉంటే ముందు ఇదే చూడండి. ఆకు మీద పచ్చటి మచ్చలుంటే ఆక్సీకరణ సగంలో ఆగింది. ఎనిమిదిసార్లయినా విచ్చుకోని నల్లటి గట్టి ముద్ద ఉంటే ఎక్కువ వేడి మీద ఆరబెట్టారు. ముద్ద మధ్యలో తెల్లటి నూగు బూజులా కనిపిస్తే మిగతా ప్యాకెట్ మొత్తం పారేయండి.

నిలవకి గాలి చొరని రేకు డబ్బా లేదా జిప్ ఉన్న ఫాయిల్ సంచి వాడండి. పోపులపెట్టె, ఇంగువ, అగరుబత్తీలు దగ్గర్లో ఉండకూడదు. టీ ఆకు వాసనని ఇట్టే పీల్చుకుంటుంది. ఫ్రిజ్ వద్దు, తీసినప్పుడల్లా చెమ్మ పడుతుంది. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్ళలో అయితే పెద్ద ప్యాకెట్ తెరవగానే 50 గ్రాముల చొప్పున చిన్న సంచుల్లోకి మార్చేయండి. కొత్తగా వచ్చిన టీలో కాల్చిన వాసన మరీ ఎక్కువగా ఉంటే డబ్బాలో నెలా రెండు నెలలు ఉంచి తీయండి, అణుగుతుంది. తడిపిన ఆకుని మాత్రం నిలవ ఉంచకండి. మన ఎండాకాలంలో మధ్యాహ్నం మొదలుపెట్టిన గైవాన్‌ని రాత్రికి కొనసాగించాలని చూస్తే ఆకు పులిసిపోతుంది. ఆపాల్సి వస్తే మిగిలిన ఆకు మీద 200 మిల్లీలీటర్ల మంచినీళ్ళు పోసి, మూతపెట్టి వెంటనే ఫ్రిజ్‌లో పెట్టేయండి. పొద్దున్నే వడకట్టుకుని చల్లగా తాగండి.